సగం తపేలా పులుసు

కుళ్ళుకి వయసుతో పనిలేదు. ఎవరో చెప్పగా విని రాస్తున్న మాట కాదిది, నిన్న మా ఇంట్లోనే రుజువైంది. క్రిస్మస్ నాడు చర్చిలో విందుకి ఇంటికో వంటకం తెమ్మన్నారు. మా కోడలు కోడి బిర్యానీ చేసింది. నేను నడుం పట్టేసినా లెక్కచేయక, పొద్దున్నే లేచి గుత్తివంకాయ కూర చేశాను. మధ్యాహ్నానికి బిర్యానీ డబ్బా అడుగు కనబడింది. నా డబ్బాలో కాయలు పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి.

ఈ పొద్దున ఫ్రిజ్ తలుపు తీసి మా కోడలు, "అత్తయ్యా, మీ కూర బాగా మిగిలిపోయింది. చపాతీల్లోకి వేడి చేసీమంటారా?" అని అడిగింది.

ఆ పిల్ల మాటలో ఏ ఎత్తిపొడుపూ లేదు. బంగారం లాంటి పిల్ల. అయినా నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "పారెయ్" అనే మాట నోటిదాకా వస్తే మింగేశాను. శ్రీకాకుళంలో మా మేడ మీద కుర్చీ వేసుకుని, ఆ మంట చల్లారేదాకా కూర్చున్నాను. కూర్చుని ఆలోచిస్తే ఇది నిన్న అంటుకున్నది కాదని, నాకు పదేళ్ళప్పటి మంటని తేలింది.

అప్పుడు మేము నరసన్నపేటకి ఆవల, పెద్ద రోడ్డు వారగా ఉన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. చర్చిని మేము మిషను గుడి అనేవాళ్ళం, దాని వెనక మా పేట. ఒకటే పెంకుటిల్లు, మధ్యలో గోడ పెట్టి రెండు వాటాలు చేశారు. ఒక వాటాలో మేము, రెండో దాంట్లో మా చిన్నాన్న, చిన్నమ్మ. పెరట్లో నా గడ్డందాకా వచ్చే మట్టిగోడ. ఆ గోడకి అవతల కిరాణా కొట్టు వాళ్ళ పెరడు. కొట్టు యజమాని తల్లిని మేమందరం కొట్టు మామ్మ అనేవాళ్ళం. తెల్లచీర, చేతిలో ఎప్పుడూ ఏదో ఒక చేట. వాళ్ళు నీసు ముట్టని మనుషులు. మా ఇంట్లో మాంసం ఉడికే రోజున వాళ్ళ పెరటి కిటికీ తలుపులు మూసేవారు. అందులో కోపమేమీ ఉండేది కాదు, వాన వస్తే బట్టలు తీసినట్టు మూసేవారు.

క్రిస్మస్ నెల వచ్చిందంటే మా పేటంతా సున్నం వాసన, బెల్లంపాకం వాసన. అరిసెలు, జంతికలు, గులాబీ పువ్వులు డబ్బాలకెత్తి, అమ్మ వాటిని అటక మీద పెట్టేది. నేను బియ్యం డబ్బా ఎక్కి, అరిసెల డబ్బాలో చెయ్యి పెట్టి, పైవి కదలకుండా అడుగువి లాగేదాన్ని. పండగ నాటికి డబ్బా మధ్యలో గొయ్యి పడి పైవన్నీ దాంట్లోకి కూలిపోయేవి. "ఈ ఏడు ఎలకలు బాగా సదువుకున్నాయి, మూత తీసి మళ్ళీ పెడతన్నాయి" అనేది అమ్మ, నా వైపు చూడకుండా.

పండగనాడు ఆరాధన అయ్యాక గుడి ఆవరణలో ప్రేమవిందు. అన్నం, మేకమాంసం గుడి తరఫున వండేవారు. మిగతావి ఇంటికో తపేలా. ఏ ఇల్లు ఏది తేవాలో ముందు ఆదివారం పాస్టరు అయ్యగారి భార్య చదివి వినిపించేవారు. దీనికో కట్టుబాటు ఉండేది. విందుకని వండినదాన్ని ఇంట్లో ముందుగా తీసి దాచకూడదు, అది దేవుడి దగ్గర దొంగతనం. విందులో మిగిలింది మాత్రం ఒక్క మెతుకు పారేయకూడదు, ఎవరి తపేలాలో మిగిలింది వాళ్ళే ఇంటికి తీసుకెళ్ళి తినాలి. దాంతో సాయంత్రం నాలుగింటికి పేటలో ఎవరి వంట ఏపాటిదో నలుగురికీ తెలిసిపోయేది. ఖాళీ తపేలా ఊపుకుంటూ వెళ్ళేవాళ్ళు కొందరు, నిండు తపేలా చంకనెత్తుకుని తలొంచుకు వెళ్ళేవాళ్ళు కొందరు.

మా చిన్నమ్మది ఊపుకుంటూ వెళ్ళే జాతి. ప్రతి ఏడూ కోడికూర ఆవిడకే వచ్చేది. అందులో ఆవిడ గొప్పేముంది, కోడికూర ఎవరు వండితే మాత్రం మిగులుతుందా అని ఇప్పుడు అనగలను. అప్పుడు అనలేకపోయాను. మా అమ్మది ఏటేటా గుమ్మడికాయ పులుసు. ఏటేటా సగం తపేలా వెనక్కి వచ్చేది.

"అక్కా, నీ పులుసు నువ్వే మోసుకొచ్చి నువ్వే మోసుకెల్తన్నావు. దానికి గుడి సూపించడానికి తెస్తన్నావేటే?" అని చిన్నమ్మ పకపకా నవ్వేది. పక్కనున్న ఆడవాళ్ళూ నవ్వేవారు. అమ్మ కూడా నవ్వేది! అదే నాకు అర్థమయ్యేది కాదు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. మా ఇంట్లో తోడికోడలు నవ్వితే ఏడవాల్సిన మనిషి నవ్వుతుంటే, ఆవిడ తరఫున నేను ఏడ్చేదాన్ని.

నిజానికి ఆ పులుసు చిన్న వంట కాదు. పెంకుల మీద పాకిన పాదుకి కాసిన గుమ్మడికాయని అమ్మ పండగ కోసమే ముదరనిచ్చేది. పండగనాడు మా పొయ్యి మీద మొదట ఎక్కేది అదే. నీసు తగిలిన గిన్నె గానీ గరిటె గానీ దాని దాపులకి రాకూడదు. చింతపండు పులుసులో ముక్కలు ఉడికాక కొత్త బెల్లం వేసి, చివర్లో అప్పటికప్పుడు నూరిన ఆవముద్ద కలిపేది. మూత తీస్తే ఆ ఘాటు ముక్కుకెక్కి కళ్ళ నీళ్ళొచ్చేవి. విందులో కూడా తన గరిటె తనే తీసుకెళ్ళి, తనే నిలబడి వడ్డించేది, ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. ఇదంతా అమ్మ చాదస్తం అనుకునేదాన్ని.

పండగ మర్నాటి వంటలో మా అమ్మకి సాటి లేదు. మిగిలిన గారెలు పులుసులో పడి, ఉబ్బి, మెత్తబడేవి. మిగిలిన అన్నాన్ని పచ్చిమిరపకాయలు, జీలకర్రతో రుబ్బి, నులకమంచం మీద గుడ్డ పరచి వడియాలు పెట్టేది. గట్టిపడిన అరిసెలు పాలల్లో నానేవి. జంతికల డబ్బా అడుగున మిగిలిన పొడి మజ్జిగన్నంలోకి వచ్చేది. చిన్నాన్న పిల్లలు కంచాలు పట్టుకుని మా వాటాలోకి వచ్చేసేవారు, వాళ్ళింట్లో ఖాళీ తపేలా తప్ప ఏముంటుంది? ఇవన్నీ కళ్ళ ముందే జరుగుతున్నా నాకు కనిపించేది చిన్నమ్మ ఖాళీ తపేలా ఒక్కటే. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. నాకు పక్కవాటా ఖాళీ గిన్నె కూడా రుచిగానే కనబడింది.

ఆ ఏడు విందులో చిన్నమ్మ మరీ రెచ్చిపోయింది. తన తపేలా బోర్లించి చూపిస్తూ, "సూడండి, సుక్క కూడా లేదు. మా అక్కని పిలవండి, పులుసు కావాలంటే వారం దినాలకి సరిపడా ఉన్నాది" అంది. నా ఈడు పిల్లలు నన్ను చూసి కిసుక్కుమన్నారు. నా చెవులు కాలిపోయాయి. చిన్నమ్మని ఏదైనా పురుగు కుడితే బాగుండునని, పండగపూట, గుడి గోడ పక్కనే నిలబడి కోరుకున్నాను.

పాటల కూడికకి ఆడవాళ్ళు లోపలికి వెళుతూ ఉంటే అమ్మ నన్ను పిలిచింది. "ఒలే గుంటా, మన తపేలా, సిన్నమ్మ తపేలా రెండూ ఇంటికాడ పెట్టీసి బేగి వచ్చీ. ఒంపీకు, జాగర్త."

గుడి వెనక బోరింగు ఉంది. అక్కడ ఎవరూ లేరు. చిన్నమ్మ బోర్లించి చూపించిందే గానీ, తపేలా అడుగంచుకి అంటుకుని ఎర్రటి నూనె, ఒక మెడ ఎముక ఉండనే ఉన్నాయి. మా తపేలా మూత తీశాను. సగానికి పైగా పులుసు. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. మొత్తం చిన్నమ్మ తపేలాలోకి ఒంపేశాను. బోరింగు కొట్టి మా తపేలా తళతళా కడిగేశాను. చిన్నమ్మది నిండుగా ఆవిడ పొయ్యి పక్కన పెట్టి, మాది ఖాళీగా మా పొయ్యి పక్కన పెట్టి, మళ్ళీ గుడికి పరిగెత్తుకెళ్ళి అందరికంటే గట్టిగా పాడాను.

ఇంటికొచ్చాక అమ్మ మూత తీస్తుందని తలుపు దగ్గరే కాచుకున్నాను. తీసింది. లోపలికి చూసింది. నా వైపు చూసింది.

"ఇందల పులుసేదే?"

"అయిపోనాదమ్మా. నువ్వు లోపలికెల్నాక అందరూ వచ్చి అడిగి అడిగి తినీసినారు. సిన్నమ్మ కూర కంటే బాగున్నాదన్నారు."

అమ్మ మొహం వెలిగిపోతుందనుకున్నాను. అమ్మ పొయ్యి గట్టు మీద కూలబడింది. "అంతా తినీసినారా? కొంచెం కూడా ఉంచలేదేటి?" అంది. సంతోషం లేదు సరికదా, పర్సు పోగొట్టుకున్న మనిషిలా తపేలాలోకే చూస్తోంది. నాకు ఒళ్ళు మండింది. ఎంత చేసినా ఈవిడకి ఆనందం లేదే అనుకున్నాను.

పొద్దు వాలుతుండగా పెరట్లో చప్పుడైంది. మట్టిగోడ మీద ఒక ఇత్తడి గిన్నె కనబడింది. గోడ అవతల కొట్టు మామ్మ తెల్లచీర కొంగు. అమ్మ గబగబా వెళ్ళింది. నేను అరటిచెట్టు చాటున నిలబడ్డాను.

"ఏటమ్మా, పండగ బాగా అయినాదా? మా కొడుకులు కొట్టుకాడే ఉన్నారు. బేగి ఎయ్యి, పొద్దున్నుంచి ఆవ వాసన సంపేస్తన్నాది. మా అమ్మ సేసినట్టే సేస్తావు నువ్వు. మా కోడళ్ళకి ఆవ పడదు" అంది కొట్టు మామ్మ.

అప్పుడు తెలిసింది నాకు. మా ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగకూడని మనిషి, ఏడాదికొకసారి, కొడుకులకి తెలియకుండా మా అమ్మ పులుసు తినేది. నీసు తగలని పొయ్యి, తగలని గరిటె, అమ్మ కాపలా, అన్నీ ఈ ఇత్తడి గిన్నె కోసం. ఇంట్లో ముందు తీసి పెడితే దేవుడి దగ్గర దొంగతనం, అందుకని మిగలడం కోసం ఎదురుచూసేది.

అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. చివరికి, "ఈ ఏడు మిగల్లేదు మామ్మా" అంది.

"మిగల్లేదా?" కొట్టు మామ్మ చెయ్యి గిన్నె మీదకి వచ్చింది. "మంచిదే కదమ్మా. నలుగురూ తిన్నారంటే మంచిదే." గిన్నె తీసుకుంది. ఆవిడ నడిచి వెళ్ళిన చప్పుడు వినబడింది, తలుపు వేసుకున్న చప్పుడు వినబడింది. అమ్మ ఇంకా గోడ దగ్గరే ఉంది.

అంతలో చిన్నమ్మ తన తపేలా పట్టుకుని పెరట్లోకి వచ్చింది. "అక్కా, నీ పులుసు నా తపేలాలోకి ఎలాగొచ్చినాదే?"

అమ్మ మూత తీసి చూసింది. బెల్లం రంగు పులుసు మీద ఎర్రటి నూనె తేలుతోంది. అమ్మ తలెత్తి పెరడంతా చూసింది. అరటిచెట్టు చాటున ఉన్న నన్ను పట్టుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. చిన్నమ్మకీ విషయం అర్థమైంది. ఆవిడ ఈసారి నవ్వలేదు. ఇత్తడి గిన్నె సంగతి ఆవిడకి ముందునుంచీ తెలుసని నాకప్పుడే తెలిసింది.

"పోనీలేవే అక్కా, ముసలమ్మని పిలు. ఆ నూనె పైపైన తీసీసి, ఎముక తీసీసి ఇచ్చీ. ఆవిడకేటి తెలుస్తాది?"

"తెలీదు" అంది అమ్మ. "తెలీదనే ఇవ్వకూడదు. నన్ను నమ్మి తింతన్నాది ఆవిడ."

నన్ను కొట్టలేదు. తిట్టలేదు. కొడితే బాగుండేది. పండగ మర్నాడు అందరికీ గారెలు, పాలల్లో అరిసెలు. నా కంచంలో మాత్రం ఆ పులుసు. ఆ పూటా అదే, మరుసటి పూటా అదే. మరిగించి మరిగించి చిక్కబడిన ఆ పులుసులో కోడికూర వాసన, ఆవ ఘాటు కలిసి గొంతు దిగేది కాదు. మూడో రోజు చిన్నమ్మ తన కంచం తెచ్చుకుని నా పక్కన కూర్చుంది. "ఇలా తే, నా తపేలాలోది నాదే కదా" అని సగం తను వేసుకుంది. అది కూడా నాకు నచ్చలేదు. ఆవిడ మంచితనం మీద కూడా కుళ్ళుకున్నాను.

మరుసటి ఏడు అమ్మ ఇంకా పెద్ద గుమ్మడికాయ వండింది. సగం తపేలా మిగిలింది. పొద్దు వాలకముందే అమ్మ పెరట్లో నిలబడింది. గోడ మీద గిన్నె లేదు. కొట్టు మామ్మ అవతల మిరపకాయలు ఎత్తుకుంటోంది.

"మామ్మా, పులుసున్నాది" అంది అమ్మ, ఎవరికీ వినబడనంత మెల్లగా.

"వద్దమ్మా. మా ఇంట్లో వండినారు, కడుపు నిండిపోనాది" అంది ఆవిడ. అదే మాట ఆ తరవాతి ఏడూ అంది. ఆ తరవాత అమ్మ పిలవడం మానేసింది. మేము ఆ ఊరు వదిలేదాకా ఏటేటా పులుసు వండుతూనే ఉంది, మిగిలింది మేమే తిన్నాం.

చాలా ఏళ్ళకి అమ్మ పోయింది. జ్ఞాపకార్థ కూడిక ఆ పాత ఊళ్ళోనే, చిన్నాన్న ఇంటి ముందు షామియానా వేసి పెట్టాం. ప్రార్థన అయ్యేసరికి ఒక ఆటో వచ్చి ఆగింది. కొట్టు మామ్మ దిగింది. తొంభైకి దగ్గరపడి ఉంటుంది. కర్ర పట్టుకుని, పట్టపగలు, అందరూ చూస్తుండగా వీధి గుమ్మం నుంచి వచ్చింది. నా పక్కన కుర్చీ వేయించుకుని కూర్చుంది. నా చెయ్యి పట్టుకుంది.

"మీ అమ్మ సేతి పులుసు తిన్న నోరమ్మా ఇది. నీకు తెలీదు. విందులో సిన్న గరిటితో ఏసీదట, పెద్ద గరిటైతే నాకు మిగలదని. దొంగతనం కాకుండా దాసడానికి అదొక్కటే దారి మామ్మా అని, ఈ గోడకాడ నిలబడి, పడీ పడీ నవ్వీది."

మా అమ్మ పడీ పడీ నవ్వడం నేను చూడలేదు. మా అమ్మ నాకు ఒక్క రహస్యం చెప్పి ఎరగదు. అరిసెలు తింటున్నది నేనని తెలిసి కూడా ఎలకలని చెప్పిందే గానీ, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కసారి నవ్వలేదు. మా అమ్మకి ఒక చిన్న గరిటె ఉందని, దానికో కథ ఉందని, గోడ అవతలి మనిషి చెబితే వింటున్నాను. చనిపోయిన తల్లి ఫోటో ముందు కూర్చుని, తొంభై ఏళ్ళ ముసలావిడ మీద నా కడుపు భగ్గున మండింది.

కొట్టు మామ్మ గొంతు తగ్గించింది. "ఒక మాటడగతాను, సెప్పమ్మా. ఆ ఏడు మిగల్లేదన్నాది. నాకు పెట్టి పెట్టి ఇసుగొచ్చి అలాగన్నాది కామోసని, మరి గిన్నె పెట్టలేదు నాను. పెట్టకుండా తప్పు సేసినానేమో అని ఇన్నేళ్ళూ మనసులో ఉండిపోనాది. నువ్వప్పుడు ఇంటికాడే ఉన్నావు కదా. ఆ ఏడు నిజంగా మిగల్లేదేటి?"

నోరు విప్పితే చాలు. ఒక్క మాటతో ఆవిడ బరువు దిగిపోయేది, మా అమ్మ మీద ఉన్న చిన్న అనుమానం తుడిచిపెట్టుకుపోయేది. షామియానా అవతల నుంచి మా చిన్నమ్మ, జుట్టంతా నెరిసిపోయి, మా వైపే చూస్తోంది. ఆవిడకి మా మాటలు వినబడవు గానీ, ఏం అడిగి ఉంటుందో ఊహించి ఉంటుంది. చెప్పు అన్నట్టు తల ఊపింది.

"మిగల్లేదు మామ్మా" అన్నాను.

ఆవిడ నా చెయ్యి నిమిరి, కర్ర అందుకుని లేచింది. ఆటో దాకా నేనే పట్టుకుని తీసుకెళ్ళి ఎక్కించాను. మూడు నెలలకి పోయిందని తెలిసింది.

నిజమనుకుని మా అమ్మ ఆ మాట అంది, నిజం తెలిశాక ఆవిడ నమ్మకం కాపాడడానికి దాన్ని అలాగే ఉంచేసింది. అదే మాట నేను కుళ్ళుతో అన్నాను. అడిగినవాళ్ళకి చెప్పనిది, అడగనివాళ్ళకి ఇప్పుడు చెబుతున్నాను. ఆ ఏడు మిగిలింది. ఆవిడకి రెండు పూటలకి సరిపడా మిగిలింది.